మా బారుకు మళ్లీ జనం రావాలంటే ఏం చేయాలి? కస్టమర్లుగా మీ మాట కావాలి

అడిగినవారు: కాజీపేట మేనేజర్

అందరికీ నమస్తే. కాజీపేట నుంచి హన్మకొండ వెళ్లే రోడ్డు మీద ఒక బార్ అండ్ రెస్టారెంట్‌లో ఈమధ్యే మేనేజర్‌గా చేరాను. బారు పేరు రాయడం లేదు, ఇది ప్రచారం కోసం కాదు. ఇంతకుముందు హైదరాబాద్‌లో ఒక హోటల్లో క్యాప్టెన్‌గా చేసేవాణ్ని. అమ్మానాన్నలకు దగ్గరగా ఉందామని ఇటు వచ్చేశాను.

మాది మొదటి అంతస్తు. పదహారు టేబుళ్లు, పక్కన చిన్న ఏసీ హాలు, వెనక కిచెన్. ఒకప్పుడు రాత్రి ఎనిమిదికి టేబుల్ దొరక్క మెట్ల మీద నిలబడేవారట. ఇప్పుడు అదే టైముకు నాలుగైదు టేబుళ్లు నిండడమే కష్టంగా ఉంది.

కారణం వెతకనక్కర్లేదు. నాలుగు షట్టర్ల అవతల వైన్ షాపు, దానికి ఆనుకుని పర్మిట్ రూం, అంటే కొన్నది అక్కడే తాగే గది. ఎంఆర్‌పీకి సీసా, ఒక పల్లీల ప్యాకెట్టు, వాటర్ ప్యాకెట్టు తీసుకుంటే పావుగంటలో పని అయిపోతుంది. మేం అదే సరుకు అదే డిపో నుంచి తెచ్చుకుంటాం. కానీ లైసెన్స్ ఫీజు, అద్దె, కరెంటు బిల్లు, తొమ్మిది మంది జీతాలు అన్నీ మేం వేసుకునే ఆ పై రేటులోంచే రావాలి. రేటులో షాపుతో పోటీ పడడం నా వల్ల కాదు.

ఓనర్ గారు ఆఫర్లు పెట్టమంటున్నారు. రెండు బీర్లకు ఒకటి ఫ్రీ, అలాంటివి. మంచి మనిషి, టెన్షన్‌లో ఉన్నారు, నాకు అర్థమవుతుంది. కానీ ఆ దారి నాకు ఇష్టం లేదు. రెండు పెగ్గులకని వచ్చినవాడి చేత నాలుగు తాగించి బండెక్కిస్తే ఆ రాత్రికి గల్లా నిండుతుంది. ఇంట్లో వాళ్ల ముఖం చూడలేక అతను వారం దాకా ఇటు రాడు, లేదా దారిలో ఏదైనా అవుతుంది. నాకు కావాల్సిన కస్టమర్ వేరు. రెండు పెగ్గులు తాగాలి, కడుపు నిండా తినాలి, స్నేహితులతో రెండు గంటలు ప్రశాంతంగా కూర్చోవాలి, క్షేమంగా ఇల్లు చేరి మళ్లీ శనివారం రావాలి. అలాంటివాళ్లతో బారు నడుస్తుందని నా నమ్మకం. ఓనర్ గారికి అది చేసి చూపించాలి.

ఇప్పుడు వస్తున్నవాళ్లలో రైల్వేవాళ్లు ఎక్కువ. రిటైరైన పెద్దలు సాయంత్రం వచ్చి కిటికీ పక్క టేబుల్ దగ్గర కూర్చుంటారు. లోకో పైలట్లు మర్నాడు డ్యూటీ లేదంటేనే వస్తారు. డ్యూటీ ఎక్కే ముందు వాళ్లకు ఊపిరి పరీక్ష ఉంటుంది కదా, చాలా జాగ్రత్తగా ఉంటారు. మెడికల్ రెప్‌లు, రియల్ ఎస్టేట్ వాళ్లు కొందరు. ఆడవాళ్లు అసలు రారు. ఫ్యామిలీ సెక్షన్ అని బోర్డుంది, లోపల చూస్తే బీరు కేసులు పేర్చి ఉన్నాయి. అవి తీయించాను.

పెట్టుబడికి పెద్దగా డబ్బు లేదు. ఒకటో రెండో పనులు సరిగ్గా చేయగలను. మీరు ఒక బారుకు వెళ్లడం మానేశారంటే ఎందుకు మానేశారు? మళ్లీ రావాలంటే ఏం మారాలి? టీవీ, పాటలు, మంచింగ్, కుర్చీలు, ఏదైనా చెప్పండి.

సుబేదారి వాసి:

అన్నా, ఒక్కటే చెప్తా. పెగ్గు.

నేను బారుకు పోతే క్వార్టరే, అంటే నూట ఎనభై ఎంఎల్ సీసానే ఆర్డర్ ఇస్తా, పెగ్గు లెక్కన పోసే లూజ్ ఎప్పుడూ చెప్పను. మా బ్యాచ్‌లో అందరూ అంతే. ఎందుకంటే లూజ్ కౌంటర్ వెనక పోసుకొస్తారు. అరవై ఉందో యాభై ఉందో, నేను చెప్పిన బ్రాండో కాదో ఎవరికి తెలుసు? క్వార్టర్ అయితే సీలు నా ముందే తెగుతుంది, మూత మీద హోలోగ్రాం కనిపిస్తుంది. అయితే క్వార్టర్ తెప్పించుకున్నాక నూట ఎనభై అయిపోయేదాకా లేవబుద్ధి కాదు. డబ్బు పెట్టింది వదిలేయలేం కదా. నిజానికి నాకు అరవై చాలు, పెద్ద పండగైతే ఇంకో ముప్పై.

నువ్వు ఫుల్ బాటిల్ టేబుల్ దగ్గరికే తెప్పించి, నా కళ్ల ముందు కొలతతో పోయించు. నేను తక్కువ తాగుతా, మిగిలిన డబ్బు తిండి మీద పెడతా. ఏడొందల యాభై బాటిల్‌లో అరవై పెగ్గులు పన్నెండు వస్తాయి, ఇంకో ముప్పై మిగుల్తుంది. ఆ లెక్క నీకూ తెలుసు, నాకూ తెలుసు. దాచడానికి ఏముంది అందులో?

కాజీపేట మేనేజర్:

సుబేదారి అన్నా, ఈ లెక్క నేను కౌంటర్ వైపు నుంచే చూశాను. లూజ్ ఎందుకు పోవడం లేదని మా బార్‌మన్‌ను అడిగితే "ఇక్కడ జనానికి క్వార్టరే అలవాటు సార్" అన్నాడు. అది అలవాటు కాదు, అనుమానం అన్నమాట. స్టీలు కొలతలు ముప్పైది, అరవైది కొత్తవి తెప్పిస్తాను. పోసేది టేబుల్ దగ్గరే.

లెస్టర్ తెలుగోడు:

నేను ఖమ్మంవాణ్ని, ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. పైన చెప్పిన విషయానికి ఇక్కడ ఏకంగా చట్టమే ఉంది. విస్కీ, జిన్, రమ్, వోడ్కా ఇరవై ఐదు మిల్లీలీటర్లు గానీ ముప్పై ఐదు గానీ, ఆ లెక్కనే అమ్మాలి. ఏ కొలత వాడుతున్నారో కస్టమర్‌కు కనిపించేలా నోటీసు పెట్టాలి. బీరు పింట్ అంటే 568 మిల్లీలీటర్లు, గ్లాసు మీదే ముద్ర ఉంటుంది. ఇక్కడ కొలత గురించి ఎవరూ గొడవ పడగా నేను చూడలేదు. మీరు కూడా గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి: మా పెగ్గు ఇంత, మీ ముందే పోస్తాం అని.

ఇంకో మాట. 2007 జూలైలో ఇంగ్లండ్‌లో పబ్బుల లోపల సిగరెట్ నిషేధించారు. తర్వాత చాలా పబ్బులు మూతపడ్డాయి. సూపర్‌మార్కెట్లో మందు చౌకగా దొరకడం కూడా దానికి ఒక కారణం. మీ వైన్ షాపు కథ లాంటిదే. మా వీధిలో నిలబడ్డ పబ్బు మాత్రం వంట మీద మనసు పెట్టింది. ఆదివారం మధ్యాహ్నం అక్కడికి ముసలమ్మలు, చంటిపిల్లల తల్లులు భోజనానికి వస్తారు. వారం మధ్యలో జనం పలచగా ఉండే రాత్రి క్విజ్ పెడతారు. మన దగ్గర క్విజ్‌కు వస్తారో లేదో చెప్పలేను గానీ, ఖాళీగా ఉండే రోజుకు ఒక పని కల్పించడం మాత్రం నేర్చుకోదగ్గది.

హన్మకొండ బ్యాంకు ఉద్యోగిని:

మేనేజర్ గారూ, ఆడవాళ్లు అసలు రారు అని రాశారు. ఎందుకు రామో చెప్తాను.

మా కొలీగ్స్‌లో నలుగురం ఉన్నాం. ఇద్దరు బీరు తాగుతారు, ఇద్దరం తాగం. పుట్టినరోజుకో, ప్రమోషన్‌కో బయట తిందామంటే హన్మకొండలో బిర్యానీ హోటల్ తప్ప ఇంకో చోటు తోచదు. ఒకసారి ఒక బారుకు వెళ్లాం. ఫ్యామిలీ సెక్షన్‌కు చేరాలంటే మగవాళ్ల హాలు మొత్తం దాటుకుని నడవాలి, అన్ని తలలూ మనవైపే తిరుగుతాయి. లోపల లైటు డిమ్. ఎందుకు డిమ్? మేం దొంగతనానికి వెళ్లలేదు కదా, తినడానికి వెళ్లాం. టాయిలెట్ ఒక్కటే, అందరికీ అదే, గడియ పడదు. మేం స్టార్టర్ సగంలో వదిలేసి వచ్చేశాం.

మీరు ఏసీ హాలును వేరు చేయగలిగితే, మెట్ల దగ్గరి నుంచే దానికి దారి ఉంటే, వెంటనే పెట్టండి. లైట్లు మామూలు హోటల్లో ఉన్నట్టు ఉండాలి. ఆడవాళ్ల టాయిలెట్ వేరుగా, గడియ, నీళ్లు, డస్ట్‌బిన్, కొక్కెం. హ్యాండ్‌బ్యాగ్ తగిలించుకునే కొక్కెం గురించి ఏ మగ మేనేజరూ ఆలోచించడు, అందుకే రాస్తున్నాను. సిగరెట్ పొగ మా వైపు రాకూడదు. ముప్పై, అంతకు మించి సీట్లున్న రెస్టారెంట్లో పొగ తాగేవాళ్లకు విడిగా గది కట్టుకోవచ్చు, మిగతా చోట తాగనివ్వకూడదు, 2008 నుంచీ రూలు ఉన్నదే. అది గట్టిగా అమలు చేయండి చాలు. పొగ పడనివాళ్లు మగవాళ్లలోనూ బోలెడుమంది, వాళ్లూ మీకు దండం పెడతారు.

ఇంకొకటి, తాగనివాళ్ల గురించి. బారులో తాగనివాడికి ఇచ్చేది కూల్‌డ్రింక్ ఒక్కటే. మంచి నిమ్మసోడా, మసాలా మజ్జిగ, పుచ్చకాయ జ్యూస్ గ్లాసులో అందంగా ఇవ్వండి. నలుగురిలో ఇద్దరం తాగం అంటే బిల్లులో సగం మాది.

బెజవాడ పాత చెఫ్:

బాబూ, నేను విజయవాడ, ఏలూరు బార్లలో కిచెన్ చూసినవాణ్ని. మా వైపు 2019 నుంచి ఐదేళ్లు ప్రభుత్వ షాపులు నడిచాయి. 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు మళ్లీ వచ్చాక బార్లకు ఇదే తిప్పలు మొదలయ్యాయి. నీ బాధ తెలుసు.

మందు ఎక్కడైనా అదే. తిండి ఒక్కటే నీ సొంతం. నీ మెనూ నేను చూడకుండానే చెప్తా: చికెన్ 65, చిల్లీ చికెన్, అపోలో ఫిష్, గోబీ మంచూరియా, ఎగ్ బుర్జీ. వరంగల్‌లోనూ అవే, విశాఖలోనూ అవే. అన్నింటికీ అదే ఎర్ర రంగు, అదే సాస్. ఓరుగల్లు గడ్డ మీద ఉండి మీ తిండి మీరు పెట్టకపోతే ఎలా?

గుడాలు పెట్టు. బొబ్బర్లు ఒక రోజు, శనగలు ఒక రోజు, అనుములు దొరికే కాలంలో అనుములు. రాత్రి నానబెట్టి, పొద్దున ఉడికించి, కస్టమర్ కూర్చోగానే ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకుతో పోపు వేసి వేడిగా చిన్న గిన్నెలో ఉచితంగా ఇవ్వు. ఖర్చు ప్యాకెట్ పల్లీల కంటే పెద్దగా ఎక్కువ కాదు, కడుపులో కూడా పడుతుంది. ఖాళీ కడుపు మీద తాగేవాడే తొందరగా తూలేది. సర్వపిండి, అదే బియ్యప్పిండి రొట్టె, చేసేవాళ్లు మీ వీధిలోనే ఎవరో ఒక అమ్మ ఉంటుంది, ఆమెను సాయంత్రాలు పనికి పెట్టుకో. పల్లీలు, నువ్వులు, నానిన శనగపప్పు వేసి అడుగు మందంగా ఉన్న గిన్నెకు వత్తి కాల్చింది నూనె కారకుండా, కరకరలాడుతూ వస్తే బీరులోకి దాన్ని మించింది లేదు. పిండి కలిపి ఉంచుకుంటే ఆర్డర్ మీద కాల్చి ఇవ్వొచ్చు. ఆదివారం తలకాయ కూర, జొన్నరొట్టె. బోటీ, అంటే మేక పేగులు, వండితే మాత్రం కడిగే పని నువ్వే దగ్గరుండి చూడు. వేణ్నీళ్లు, ఉప్పు, పసుపుతో ఓపిగ్గా కడగాలి. అక్కడ బద్ధకించిన కిచెన్‌లో బోటీ వాసన హాలు దాకా వస్తుంది, ఆ కస్టమర్ ఇక రాడు. చేపల్లో కొర్రమీను, తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే కదా. రేటు ఎక్కువ, కాబట్టి రోజూ వద్దు, శనివారం చాలు.

నూనె సంగతి. నిన్నటి నూనెలో కొత్త నూనె కలిపే పద్ధతి ఉంటే ఈరోజే ఆపించు. వేయించగా వేయించగా నూనెలో పేరుకునే చెడు పదార్థాలు ఇరవై ఐదు శాతం దాటకూడదని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 జూలై నుంచి నియమం పెట్టింది. మీటర్ లేకపోయినా కంటికి తెలుస్తుంది. నల్లబడి, చిక్కబడి, నురగ కట్టిందంటే పారెయ్యడమే. మర్నాడు గొంతు మండితే జనం మందును తిడతారు, తప్పు చాలాసార్లు నూనెది.

డీజిల్ కాలనీ రాజు:

అన్నా, ఇంటికి ఎట్ల పోవాలి అన్నదే నా సమస్య. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో మొదటిసారి దొరికినా పదివేల దాకా జరిమానా, కోర్టు చుట్టూ తిరగాలి. వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాములు దాటితే కేసే. దానికి భయపడి ఇంట్లోనే తెచ్చుకుని తాగుతున్నా, ఇంట్లో పిల్లల ముందు అది నాకే నచ్చదు.

మీ సెల్లార్‌లో రాత్రి బండి పెట్టి పొద్దున తీసుకుపోయే వీలు ఉందా? వాచ్‌మన్ టోకెన్ ఇవ్వాలి, హెల్మెట్ లోపల దాచిపెట్టాలి. కాజీపేట స్టేషన్ దగ్గర రాత్రి రైళ్ల కోసం ఆటోలు ఎట్లాగూ ఉంటాయి. నలుగురు తెలిసిన ఆటోవాళ్లతో రేటు ముందే మాట్లాడి బోర్డు మీద రాయించు: హన్మకొండ చౌరస్తాకు ఇంత, ఫాతిమానగర్‌కు ఇంత. రాత్రి బేరం తలనొప్పి తప్పుతుంది. అప్పుడు నేను వస్తా, నాతో పాటు ఇంకో ముగ్గురు వస్తారు.

కరీంనగర్ పెద్దాయన:

తమ్మీ, చాలా ఏళ్లు బారు నడిపి కొడుక్కి అప్పజెప్పిన. అందరూ మంచి మాటలే చెప్పిన్రు. ఎప్పుడు మొదలుపెట్టాల్నో నేను చెప్త.

దసరాకు ఎట్లయినా జనం వస్తరు. దాని తర్వాత కార్తీకం వస్తది, ఆ వెనకనే అయ్యప్ప మాలలు. నలభై ఒక్క రోజుల దీక్ష తీసుకున్నోడు బారు మెట్లెక్కడు, ఇంట్ల ఒకరు మాల వేసుకుంటే మిగతావాళ్లు కూడా తగ్గిస్తరు. గిరాకీ లేదని ఆ నెలల ఓనర్లు స్టాఫ్‌ను తీసేస్తరు. నువ్వు ఆ పని చేయకు. టాయిలెట్లు పగలగొట్టి కట్టుకోవడం, కిచెన్ పొగగొట్టం, రంగులు అన్నీ ఆ టైములనే పెట్టుకో. స్టాఫ్‌కు జీతం ఇస్తూ ఆ పనిల వాడుకో. డిసెంబరు చివరికి కొత్త హాలు తయారుగా ఉండాలె. పెద్ద టీవీ, పాటలు ఇప్పుడే వద్దు. మ్యాచ్ పెట్టాలంటే కమర్షియల్ కనెక్షన్, పాటలకు మళ్లీ లైసెన్సులు, ఆ డబ్బు టాయిలెట్‌లో పెట్టు. కిటికీ పక్కన కూర్చునే మీ రైల్వే పెద్దమనుషులకైతే సౌండ్ తక్కువుంటేనే సుఖం. వాళ్లను పోగొట్టుకోకు.

కాజీపేట మేనేజర్:

అందరికీ చాలా థ్యాంక్స్. ఓనర్ గారికి ఇవన్నీ చదివి వినిపించాను. మేడం గారు రాసిన టాయిలెట్ సంగతి విని కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మా కోడలు కూడా ఇదే అంది" అన్నారు. ఏసీ హాలుకు మెట్ల పక్కనే ఒక పాత తలుపు ఉంది, మూసేసి ఉంది. అది తెరిపించడానికి ఒప్పుకున్నారు. రెండు బీర్లకు ఒకటి ఫ్రీ బోర్డు పక్కన పెట్టేశారు. కొలతలు, గుడాలు వచ్చే వారం నుంచే మొదలు. సెల్లార్‌లో రాత్రికి ఇరవై బండ్ల దాకా పెట్టొచ్చు, వాచ్‌మన్ సరేనన్నాడు. ఆటోవాళ్లతో మాట్లాడాలి. టాయిలెట్లు, రంగులు పెద్దాయన చెప్పినట్టు కార్తీకంలో.

ఒక్కటి ఇంకా తేలలేదు. సర్వపిండి, బోటీ లాంటివి ప్లేటు ఎంత సైజులో పెట్టాలి? మా పాత మెనూలో అన్నీ పెద్ద ప్లేట్లే.

బెజవాడ పాత చెఫ్:

హాఫ్ ప్లేటు తప్పకుండా పెట్టు బాబూ, దాని రేటు ఫుల్ రేటులో సగానికి కొంచెం మాత్రమే పైన ఉండాలి. ఒక్కడే వచ్చినవాడు ఫుల్ ప్లేటు బోటీ తినలేడు, అందుకని ఏమీ చెప్పకుండా ఉచితంగా ఇచ్చినదాంతోనే లాగించేస్తాడు. హాఫ్ ఉంటే రెండు రకాలు చెప్తాడు. సర్వపిండి మాత్రం ఒకటి చొప్పున అమ్ము, నాలుగు ముక్కలు చేసి, వెల్లుల్లి కారంతో.