సమస్యాపూరణం: "చెఱను బట్టినట్టి చేయె తల్లి"

నిర్వాహకులు: కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

చెఱను బట్టినట్టి చేయె తల్లి

చెఱ అనగానే లంకకు వెళ్లకండి, ఈసారి దత్తాంశం యూనిస్ విలియమ్స్ కథ. 1704 ఫిబ్రవరి 29 తెల్లవారుజామున మసాచుసెట్స్‌లోని డీర్‌ఫీల్డ్ మీద ఫ్రెంచివారు, అక్కడి ఆదివాసీ తెగలైన అబెనాకీలు, హ్యూరన్లు, మోహాకులు కలిసిన దండు పడింది. 112 మందిని పట్టి కెనడాకు నడిపించింది. ఆ ఊరి పాస్టరుగారి కూతురు యూనిస్‌కు అప్పుడు ఏడేళ్లు. మాంట్రియల్ దగ్గరి కానవాకేలో ఒక మోహాకు కుటుంబం ఆమెను కూతురిని చేసుకుంది. ఇంట్లో ఎవరైనా పోతే ఆ ఖాళీలో బందీని నిలిపి, పేరూ చుట్టరికమూ అప్పగించడం వారి ఆచారం. వంశం తల్లివైపుది.

మాస్టారు (రాజమండ్రి):

మంచు దారి నడువ మదిలోన వణికెడి
బాల నెత్తి మోసె భటు డొకండు
మూడు వందలైన మొండి మైళ్ళు గడచె
చెఱను బట్టినట్టి చేయె తల్లి

నిర్వాహకులు: మాస్టారూ, యతులన్నీ కుదిరాయి. పాపను దారి పొడవునా మోశారని, ఎంతో ప్రేమగా చూశారని తోటి బందీ అయిన తండ్రే రాసుకున్నాడు. మీరు సరైన చోటే పట్టుకున్నారు. కానీ భటుడంటే జీతగాడు, మోహాకు యోధుడికి ఆ మాట నప్పదు. "బాల నెత్తి మోసె భద్రముగను" అంటే చెయ్యే కర్త అవుతుంది, సమస్య బిగుస్తుంది. "మొండి" ఒట్టి పూరకం.

పద్మజ (గుంటూరు):

కన్నతండ్రి వచ్చి కన్నీటఁ బిలిచిన
కదల దాయె నామె గడప దాటి
మొక్కజొన్న తెచ్చు మోహాకు పడతియె
చెఱను బట్టినట్టి చేయె తల్లి

మాస్టారు: మూడో పాదానికి చేతులెత్తి దణ్ణం పెట్టానమ్మా. ఆమె మోహాకు పేరు గన్నెన్‌స్టెన్‌హావికి "మొక్కజొన్న తెచ్చేది" అని అర్థం. చేలు ఆడవాళ్లవే అయిన ఊళ్లో అలాంటి పేరంటే ఇంటి మనిషని ఒప్పుకున్నట్టే. ఆ పేరును పద్యంలో విశేషణం చేశావు. తండ్రి వచ్చింది 1714లో. అప్పటికే ఆమెకు మోహాకు యువకుడు ఆరోసెన్‌తో పెళ్లయింది.

వసుధ (బోస్టన్): నాకు ఈ రెండు పద్యాల్లోనూ ఒక మనిషి కనపడలేదు. యూనిస్ కన్నతల్లి పేరూ యూనిసే. అప్పుడే పురుడు పోసుకున్న ఒళ్లు. ఆ నడకలో గ్రీన్ రివర్ దాటుతూ నీళ్లలో పడింది, ఇక లేచి నడవలేకపోతే గొడ్డలి వేటుతో చంపేశారు. అక్కడ ఆమె పేరు చెక్కిన రాయి ఉంది. పక్కనే పైకప్పున్న చెక్కవంతెన, కింద మోకాలి లోతు నీళ్లు. ఆ నీళ్లు చూశాక చెయ్యి ఒట్టినే తల్లి అయిపోయిందని రాయలేను.

కన్నతల్లి నేటి కడ నరికిన చేయి
కన్నబిడ్డ కెట్లు కవచ మగును?
అడుగ లేకపోతి, నామె సాక్ష్యముఁ జెప్పె:
చెఱను బట్టినట్టి చేయె తల్లి

నిర్వాహకులు: ఈ వారం పద్యం ఇదేనమ్మా. మిగతావాళ్లు సమస్యను పూరించారు, మీరు దాన్ని ప్రశ్న చేశారు. "పోతి(ని) + ఆమె" సంధితో యతి ఎంత సహజంగా పడిందో అందరూ చూడండి. మొదటి పాదంలో "నేటి" (తల్లిని + ఏటి) దగ్గర మాత్రం ఈనాడన్న అర్థం స్ఫురిస్తోంది.

మాస్టారు: వసుధమ్మా, ఆ సాక్ష్యం ఏమిటో కూడా చెప్పు.

వసుధ: 1713లో ఆల్బనీ వర్తకుడు జాన్ షైలర్ ఇంటికి రమ్మని ఎంతో బతిమాలితే, కూతురు యూనిస్ చాలాసేపు నోరు విప్పలేదు మాస్టారూ. చివరికి మోహాకులో రెండే మాటలంది: "జాగ్తె ఓగ్తె". కాకపోవచ్చు, అని. ఇంగ్లిష్ అప్పటికే మరిచిపోయింది. 1740లో అన్న స్టీఫెన్‌ను చూడటానికి వచ్చినప్పుడు ఇద్దరి మధ్యా దుబాసీ కూర్చోవలసి వచ్చింది.