నైవాషా ఒడ్డున గుడారం: హిప్పోల సంగతి ఎట్ల?

పాలమూరు పిలగాడు:
అన్నలు, అక్కలు, జులైల నలుగురం కెన్యా పోతున్నం. నైవాషా సరస్సు కాడ నాలుగు రాత్రులు సొంత గుడారాలల్ల ఉండాలని ప్లాన్. సోమశిల కాడ కృష్ణకు ఆనుకొని వేసుకుంటం గద, అక్కడ గూడ అట్ల వేయొచ్చునా? వంటకు చిన్న గ్యాస్ డబ్బా ఇక్కణ్నుంచే తీస్కపోవచ్చునా?

అచ్చంపేట అడవిబాట:
నీళ్లకు ఆనుకొని అస్సలు వద్దు తమ్మీ. హిప్పో పగలంతా నీళ్లల్ల ఉంటది, పొద్దుగూకినంక మేతకు ఒడ్డెక్కుతది, మాటిమాటికి అదే బాట పట్టుకొని. ఆ బాట గుర్తువట్టుడు అలకనే: ఎడ్లబండి జాడ లెక్క రెండు గాళ్లు, నడుమ గడ్డి దిమ్మె. అది కనబడ్డ కాడ కుర్చీ గూడ వేయొద్దు. హిప్పోకూ నీళ్లకూ నడుమ మనిషి నిలబడితే బెదిరి నీళ్ల దిక్కే ఉరుకుతది. టన్నుకు మించిన బరువు, గంటకు 30 కిలోమీటర్ల ఉరుకుడు, తప్పించుకునుడు కాదు.

దక్షిణం ఒడ్డు పొంటి మోయి సౌత్ లేక్ రోడ్ మీద క్యాంపులున్నయ్. సరస్సు దిక్కు కరెంటు కంచె ఉన్నదే చూస్కోండి. మన చేన్ల పందులకని పెట్టి మనుషుల పానం తీసే తీగ కాదది, సోలార్ ఝట్కా మిషిన్ లెక్క షాక్ కొట్టి బెదిరిస్తది అంతే. ఎన్ని గంటలకు ఆన్ చేస్తరు, కరెంటు పోతే బ్యాటరీ ఉన్నదా అడగండి. పచ్చగడ్డి పెరిగి తీగకు ఆనుతే కరెంటు భూమిలకు దిగిపోయి ఝట్కా సన్నగిల్లుతది, కంచె కింద గడ్డి కోసిన్రా లేదా మీరే చూడాలె.

దేవరకొండ బాటసారి:
రాత్రి బయటికి రావాలంటే ముందు జిప్పు జానెడు తీసి టార్చి చుట్టూ తిప్పుండ్రి. హిప్పో మేస్తుంటే లోపల్నే ఉండాలె, అదలించొద్దు. ఏడు గంటలు దాటినంక నీళ్లు తక్కువ తాగితే ఈ తిప్పలే ఉండదు.

ఒడ్డున పసుపు బెరడు తుమ్మ చెట్లుంటయ్. ముండ్లు గుడారం అడుగు చీరేస్తయ్, కింద తాడ్‌పత్రి తప్పదు. నైవాషా 1,884 మీటర్ల ఎత్తు, జులై రాత్రులు 10 డిగ్రీల దాపు. మన పుష్యమాసం చలి అనుకొని సర్దుకోండి.

జడ్చర్ల వంటిల్లు:
గ్యాస్ డబ్బా విమానంల ఎక్కనియ్యరు, చెకిన్ సామాన్ల గూడ. నైరోబీల కొనుండ్రి. ఆ ఎత్తుల నీళ్లు 94 డిగ్రీలకే మరుగుతయ్, కందిపప్పు ఉత్త గిన్నెల జల్ది ఉడకదు. పెసరపప్పు తీస్కపోండి, లేకుంటే చిన్న కుక్కర్. దుకాణంల ఉగాలి పిండి దొరుకుతది, తెల్ల మక్కపిండే అది. గట్క తిన్నోళ్లకు కొత్తేం గాదు, తొక్కు ఉంటే సాలు. తొక్కు స్టీలు డబ్బాల పెట్టుకోండి, 2017 నుంచి అక్కడ క్యారీ కవర్లు బందు. తినేవేవీ గుడారంల ఉంచొద్దు, కారు డిక్కీల పెట్టి తాళం వేయాలె. కోతులు అరటిపండు వాసనకే బట్ట చింపుతయ్.

ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకుంటే తిరిగొచ్చినంక ఆరు రోజులు క్వారంటైన్ల పెట్టొచ్చు. హైదరాబాద్ నారాయణగూడల ఉన్న సర్కారు టీకాల సంస్థ ఐపీఎంల వేస్తరు, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలె.

పాలమూరు పిలగాడు:
మస్తు చెప్పిన్రు. పడవ ఎక్కొచ్చునా? ఈత?

అచ్చంపేట అడవిబాట:
పడవ పొద్దుగాలే ఎక్కుండ్రి, మధ్యాహ్నం గాలి లేస్తే అలలు కొడతయ్. లైఫ్ జాకెట్ లేని పడవ వద్దు. ఈత మాట మరిచిపోండి, హిప్పో సంగతి అట్లుంచినా నత్తల కాడ పుట్టే బిల్హార్జియా పురుగు చర్మం గుండనే లోపలికి పోతది. నడవాలనుకుంటే క్రెసెంట్ ఐలాండ్ పోండి, జిరాఫీలు, జీబ్రాల నడుమ కాలినడకన తిరగనిస్తరు.