నల్లగొండ మాల్‌లో 12 అడుగుల అక్వేరియం: ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న: గ్రౌండ్ ఫ్లోర్‌లో పెడుతున్నం, కింద సెల్లార్ పార్కింగ్. ట్యాంకు 12 అడుగుల పొడవు, 4 వెడల్పు, 3 ఎత్తు. బోరు నీళ్లే దిక్కు. ఏ చేపలు వేయొచ్చు?

జవాబు 1: చేపల సంగతి తర్వాత అన్నా, ముందు స్లాబ్ చూడు. నీళ్లే 4,000 లీటర్లు, అంటే 4 టన్నులు. అద్దం, స్టాండు, రాళ్లు కలిస్తే 5 దాటుతుంది. చదరపు మీటరుకు 1,100 కిలోల పైమాటే. షాపుల ఫ్లోర్లు మామూలుగా 400 కిలోల లెక్కకే కడతారు. స్ట్రక్చరల్ ఇంజనీరు రాసిచ్చే దాకా ట్యాంకుకు అడ్వాన్సు ఇవ్వకు.

జవాబు 2: సంప్, అంటే ట్యాంకు కింద ఫిల్టర్, పంపులు ఉండే తొట్టి, 1,000 లీటర్లు ఉండాలి, కానీ నిండా నింపొద్దు. కరెంటు పోతే ట్యాంకులో నీళ్లు ఒక్క అంగుళం దిగినా 110 లీటర్లు సంప్‌లో పడతాయి. చోటు లేకపోతే ఫ్లోరంతా నీళ్లే. సంప్ నుంచి నీళ్లు పైకి పంపే రిటర్న్ పైపుకు ట్యాంకు నీటిమట్టం కిందనే చిన్న బెజ్జం పెడితే గాలి పట్టి సైఫన్ (పంపు ఆగినా పైపు గుండా నీళ్లు కిందికి లాగేసుకోవడం) తెగుతుంది. నాచు పట్టి ఆ బెజ్జం మూసుకుపోతుంది, వారానికోసారి పుల్లతో పొడవాలి. గంటకు 10,000 లీటర్ల పంపులు రెండు పెట్టు. ఒక్కటే పెద్దది పెడితే అది ఆగిన రోజే కథ ముగుస్తుంది.

జవాబు 3: మన దగ్గర చాలా బోర్లవి గట్టి నీళ్లు, ఫ్లోరైడ్ కూడా. టెస్ట్ చేయించు. గట్టి నీళ్లయితే మలావీ సిక్లిడ్లు (ఆఫ్రికాలోని మలావీ సరస్సు చేపలు) హాయిగా బతుకుతయి, మెత్తని నీళ్లు కోరే డిస్కస్ చేపల జోలికి పోవద్దు. నీళ్లు నింపి, అమ్మోనియా కొద్దికొద్దిగా వేస్తూ ఫిల్టర్ 4 నుంచి 6 వారాలు నడపాలి, చేపల వ్యర్థాల నుంచి వచ్చే ఆ విషాన్ని తినే బ్యాక్టీరియా అందులో పెరగడానికి. టెస్ట్‌లో అమ్మోనియా, దాని నుంచి పుట్టే నైట్రైట్ అనే విషం సున్నా చూపినంకనే చేపలు, అవి కూడా విడతలుగా. ఓపెనింగ్ ముహూర్తం దీన్ని బట్టి పెట్టుకోమను.

ప్రశ్న: రాత్రి ఏసీ బంద్ చేస్తరు. నీళ్లు చల్లబరిచే చిల్లర్ తప్పదా?

జవాబు 3: ఎండాకాలం తప్పదు. దాని వేడి బయటికి పోయే దారి చూడు.