రెండు గంటల పని: రెడిస్ క్యూలోనా, పోస్ట్‌గ్రెస్ టేబుల్‌లోనా?

పేరోల్‌డెవ్:
మా జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) అప్లికేషన్‌లో నెలాఖరుకి అందరి జీతం స్లిప్పులూ పీడీఎఫ్ చేసి మెయిల్ చేయాలి. రెండు గంటలకు పైనే పడుతుంది. వెబ్ రిక్వెస్ట్‌లోనే నడిపిస్తే మా వెబ్ సర్వర్ గునికార్న్ 30 సెకన్లకే వర్కర్‌ను (పని చేసే ప్రాసెస్‌ను) ఆపేస్తుందని, పనులను వెనక నడిపించే సెలెరీ, ఆ పనుల క్యూను ఉంచే రెడిస్ పెట్టాం. ఇప్పుడు కొందరికి ఒకే స్లిప్పు రెండుసార్లు వెళ్తోంది. రెడిస్ తీసేసి, మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లోని టేబుల్‌నే క్యూగా వాడదామని టీమ్‌లో ఒకరు పట్టుబడుతున్నారు. మీరేమంటారు?

రెడిస్‌పక్షం:
తీసేయక్కర్లేదండీ. మీరు సెలెరీలో యాక్స్ లేట్ అనే సెట్టింగ్ ఆన్ చేసి ఉంటారు. అంటే పని పూర్తయ్యాకే వర్కర్ ఆ కబురు చెప్తుంది. రెడిస్‌తో సెలెరీ విజిబిలిటీ టైమౌట్ డిఫాల్ట్‌గా 1 గంట. ఆలోపు కబురు రాకపోతే అదే పని ఇంకో వర్కర్‌కి వెళ్తుంది. దాన్ని 4 గంటలు చేయండి, చాలు.

ఎస్‌క్యూఎల్‌పక్షం:
కారణం సరిగ్గా చెప్పారు, మందుతో మాత్రం ఏకీభవించను. మెషీన్ మధ్యలో ఆగిపోతే పని మళ్లీ మొదలవడానికి 4 గంటలు చూడాలి. జీతాల రోజున ఆ టెన్షన్ ఎవరు పడతారు? అసలు తప్పు ఇంత పనిని ఒకే టాస్క్‌గా రాయడం. టేబుల్‌లో ఉద్యోగికో వరుస (రో) పెట్టండి. పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి స్కిప్ లాక్‌డ్ ఉంది, ఒక వర్కర్ పట్టుకున్న వరుసను ఇంకోటి ముట్టుకోకుండా తర్వాతది తీసుకుంటుంది. ఎవరిది ఆగిందో ఒక్క సెలెక్ట్ క్వెరీతో తెలుస్తుంది. రూబీ వెబ్ ఫ్రేమ్‌వర్క్ రెయిల్స్ 8 కూడా డేటాబేస్‌తో నడిచే సాలిడ్ క్యూనే డిఫాల్ట్ చేసింది.

రెడిస్‌పక్షం:
ముక్కలు సెలెరీలోనూ చేయొచ్చు కదా! ఒక్కో టాస్క్ కొన్ని సెకన్లే అయితే టైమౌట్ గొడవే ఉండదు. రీట్రైలు (విఫలమైతే మళ్లీ ప్రయత్నించడం) అన్నీ సొంతంగా ఎందుకు రాయాలి? పైగా వరుస పట్టుకున్న వర్కర్ చస్తే మీరూ ఏదో గడువు పెట్టాల్సిందే.

ఎస్‌క్యూఎల్‌పక్షం:
పెట్టాలి, నిజమే. లాక్ పట్టుకుని ట్రాన్సాక్షన్‌ను (అన్నీ కలిపి ఒకేసారి ఖాయమయ్యే మార్పుల గుంపును) గంటల తరబడి తెరిచి ఉంచితే, పోస్ట్‌గ్రెస్‌ను శుభ్రం చేసే వాక్యూమ్ పాత వరుసలను తీసేయలేకపోతుంది. అందుకే వరుస స్థితి మార్చి, కమిట్ చేసి (ఖాయం చేసి), ఆ తర్వాతే పని మొదలుపెట్టాలి. నా పట్టు వేరే చోట ఉంది. జీతం లెక్క కమిట్ అయ్యాక, రెడిస్‌కి పంపేలోపు ప్రాసెస్ చస్తే ఆ స్లిప్పు జాడే ఉండదు. కమిట్ అయ్యాకే పనిని పంపే జాంగో ఆన్ కమిట్ వాడినా ఆ సందు పూడదు. టేబుల్‌లో అయితే జీతం లెక్కా, స్లిప్పు పనీ రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పడతాయి.

పేరోల్‌డెవ్:
మెయిల్ వెళ్లాక, వెళ్లిందని రాసేలోపు వర్కర్ చస్తే?

రెడిస్‌పక్షం:
అక్కడ రెండు పద్ధతులూ ఒకటే, మళ్లీ వెళ్తుంది. మెయిల్ సర్వర్ మీ ట్రాన్సాక్షన్‌లో లేదు.

ఎస్‌క్యూఎల్‌పక్షం:
అవును. స్లిప్పు అసలు రాకపోవడం కన్నా రెండుసార్లు రావడమే నయం. కానీ ఇదే కోడ్‌తో బ్యాంకుకి జీతాలు జమ చేయించకండి. అక్కడ చెల్లింపుకో ప్రత్యేక నంబరు ఇచ్చి, అది రెండోసారి వస్తే అవతలివైపే తిరస్కరించేలా చూసుకోవాలి.