ప్రవణత అనాలా, వాలు అనాలా?

కంటి నుంచి మెదడుకు సాగే నాడీ తంతువులు తమ తమ చోట్లను ఎలా పోల్చుకుంటాయో తెలుగులో రాస్తున్న మిత్రులొకరు, గ్రేడియంట్‌కు, అంటే ఒక పదార్థం ఒక కొస నుంచి మరో కొసకు క్రమంగా చిక్కబడటానికో పలచబడటానికో, తగిన మాట ఏదని అడిగారు. పాఠ్యపుస్తకాలలో ఉన్న 'గాఢతా ప్రవణత' తప్పేమీ కాదు. సంస్కృతంలో 'ప్రవణం' అంటే పల్లానికి వాలినదనే అర్థం. అయితే ఇప్పటి తెలుగులో ప్రవణత అనగానే మనసు మొగ్గు, స్వభావం అనే అర్థాలే ముందు తోస్తాయి కనుక, 'ప్రోటీన్ ప్రవణత' అని చదివినవారు ఆ ప్రోటీనే దేనివైపో మొగ్గుతున్నదని అనుకోవచ్చు.

మాటను ఎంచుకునే ముందు అక్కడ జరిగేదేమిటో చూడాలి. 1940ల దశకంలో అమెరికా శాస్త్రవేత్త రోజర్ స్పెర్రీ కప్ప దృష్టి నాడిని తెంపి, కంటిగుడ్డును తలకిందులుగా తిప్పి ఉంచారు. నాడి మళ్లీ పెరిగింది, చూపూ వచ్చింది. కానీ ఈగ పైన ఉంటే కప్ప కిందికి నాలుక చాచేది. ఎన్నిసార్లు గురి తప్పినా ఆ తీరు మారలేదు. తంతువులు రసాయనిక గుర్తులను బట్టి పాత చోట్లకే చేరాయని ఆయన వాదించారు. తర్వాత ఎఫ్రిన్లని పేరుపడిన ప్రోటీన్లు 1995లో బయటపడ్డాక ఆ గుర్తులు ఏమిటో తెలిసింది. కోడి పిండం మెదడులో చూపును అందుకునే టెక్టమ్ అనే భాగానికి వెనుక కొసన ఎఫ్రిన్-ఎ చిక్కగా, ముందు కొసన పలుచగా ఉంటుంది. కంటి లోపలి తెర అయిన రెటీనాలో కణత వైపు కణాలకు దాన్ని పసిగట్టే గ్రాహకాలు ఎక్కువ, ముక్కు వైపు కణాలకు తక్కువ. అందువల్ల కణత వైపు నుంచి వచ్చిన తంతువు కాస్త ఎఫ్రిన్ తగలగానే వెనక్కి తగ్గి ముందు భాగంలోనే నిలిచిపోతుంది. ముక్కు వైపుది చిక్కని చోటిదాకా సాగుతుంది.

ఉత్త 'వాలు' కూడా ఇక్కడ చాలదు. వాలులో నీరు తనంతట జారుతుంది. తంతువు జారదు, కొసతో తడుముకుంటూ ఎక్కడ ఆగాలో తేల్చుకుంటుంది. అందుకే నేను 'చిక్కదనపు వాలు' అంటాను. చిక్కన, పలుచన అన్న జంట మజ్జిగ దగ్గరే ఆగిపోనక్కరలేదు.

ఇలాంటి ప్రోటీన్లను 'మార్గదర్శక ప్రోటీన్' అనడంతోనూ నాకు పేచీ ఉంది. అది దారి చూపి పిలిచేదన్న భావన కలిగిస్తుంది; పైన చెప్పిన ఎఫ్రిన్ చేసేది నిలువరించడం. ఆ చోట 'నిలువరించే ప్రోటీన్' అని రాస్తే పాఠకుడికి విషయం సూటిగా అందుతుంది. ఎఫ్రిన్, టెక్టమ్ అన్న పేర్లను మాత్రం అనువదించకుండా అలాగే ఉంచండి.