షుగర్ ఉన్నవాళ్ళకి జీడిపప్పు పెట్టొచ్చా, పెట్టకూడదా?

కరీంనగర్ చిన్నోడు:
అమ్మకు ఆరేళ్ళ నుంచి షుగర్, మాత్రల మీదే ఉంది. సాయంత్రం ఐదింటికి చాయ్‌లో నాలుగు బిస్కెట్లు ముంచుకుని తింటుంది. వాటి బదులు బాదం, జీడిపప్పు పెడదామంటే అక్క ఒప్పుకోవట్లేదు. బాదం ఓకే గానీ జీడిపప్పు విషం అంటుంది. నిజమేనా?

పలాస మాస్టారు:
విషం అనే మాట వింటే ఒళ్ళు మండుతుంది. మా ఊరు బతికేదే జీడిపప్పు మీద, నాకు షుగర్ వచ్చి 11 ఏళ్ళు. చెన్నై డాక్టర్లు షుగర్ ఉన్న 300 మందితో చేసిన పరిశోధన 2018లో వచ్చింది. అందులో కొందరికి 12 వారాల పాటు రోజూ 30 గ్రాములు పెట్టారు, పచ్చివి, ఉప్పు లేనివి. బరువు పెరగలేదు, షుగర్ పెరగలేదు, మంచి కొలెస్ట్రాల్ పెరిగింది, బీపీలో పై నంబరు తగ్గింది. 30 గ్రాములంటే పద్దెనిమిది, ఇరవై పప్పులు. వాటిలో పిండిపదార్థం 9 గ్రాములు, ఇంచుమించు ఒక ఇడ్లీలో ఉండేంత. ఇడ్లీని ఎవరూ విషం అనరే!

గోదావరి అమ్మాయి:
30 గ్రాముల దగ్గర ఆగేదెవరు మాస్టారూ? మా నాన్నగారు ఇదే మాట ఎక్కడో విని టీవీ పక్కన సీసా పెట్టుకున్నారు. నేతిలో వేయించి ఉప్పూ కారం చల్లినవి. సీరియల్ అయ్యేసరికి సగం ఖాళీ. 100 గ్రాములకు 550 కేలరీలు. పోనీ అన్నం తగ్గించారా అంటే అదీ లేదు. నాలుగు నెలల్లో 5 కిలోలు పెరిగారు, మూడు నెలల సగటు షుగర్ 7.2 నుంచి 8.4కి వెళ్ళింది.

రాత్రి డ్యూటీ:
పల్లీల పేరు ఎవరూ ఎత్తరేం? బాదం ధరతో పోలిస్తే ఎంత చవక! ఉడకబెట్టుకుని తింటే కడుపు నిండుతుంది.

పలాస మాస్టారు:
నేను చెప్పింది పచ్చివి, మీరు చెబుతున్నది వేయించినవి. నెయ్యి, ఉప్పు, అన్నం చేసిన పాపం జీడిపప్పు నెత్తిన వేస్తే ఎలా అమ్మా?

గోదావరి అమ్మాయి:
మళ్ళీ పచ్చివి, పచ్చివి! అవీ కొనిచ్చాను. రెండు నోట్లో వేసుకుని చప్పగా ఉన్నాయని పక్కన పెట్టేశారు. ఇంట్లో జరిగేది చెబుతుంటే మీరు చెన్నై లెక్క చెబుతారు.

కరీంనగర్ చిన్నోడు:
నేనడిగింది బిస్కెట్ల బదులు పెట్టొచ్చా అని.

ల్యాబ్ అక్క:
కిడ్నీ పరీక్ష చేయించారా? క్రియాటినిన్ ఎక్కువుంటే డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకండి, వీటిలో పొటాషియం, ఫాస్ఫరస్ ఉంటాయి.

పలాస మాస్టారు:
అయితే అన్నీ దాచేస్తే సరిపోతుందా? నేను భోజనానికి కూర్చుంటే ఇంట్లో అందరి కళ్ళూ నా కంచం మీదే. పోయినేడు మనవడి పుట్టినరోజున పాయసంలోంచి రెండు పలుకులు ఏరుకుంటే, చుట్టాల ముందు మా అబ్బాయి గిన్నె లాక్కున్నాడు. ముప్పై ఆరేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. జబ్బు నాది, ఒళ్ళు నాది, నా తిండి లెక్క నాకు తెలుసు.

గోదావరి అమ్మాయి:
ఒళ్ళు మీదే, పుండు పడితే కట్టు మార్చేదెవరు? మా నాన్న కాలి బొటనవేలు తీసేశారు. 19 రోజులు ఆసుపత్రిలో ఆయన మంచం కింద చాప వేసుకుని పడుకున్నాను. ఆ కట్టు వాసన ఇప్పటికీ ముక్కులోంచి పోలేదు. జీడిపప్పుతో నాకేం పేచీ లేదు మాస్టారూ. "నాకు తెలుసులే" అని ఆయన కూడా అనేవారు, ఆ మాట వింటేనే నాకు వణుకు.

పలాస మాస్టారు:
వేలి సంగతి ముందే చెప్పాల్సింది తల్లీ. నేను చిన్న గిన్నెలో కొలిచే పెట్టుకుంటాను, సీసా దగ్గర ఉంచుకోను. కానీ మావాడు గిన్నె లాక్కోవడం మాత్రం తప్పే అంటాను.

కరీంనగర్ చిన్నోడు:
ఈ రోజు స్టీలు గిన్నెలో పది బాదం, ఎనిమిది జీడిపప్పులు పెట్టిచ్చాను. జీడిపప్పు తినేసి, బాదం అక్క కోసం పక్కన పెట్టింది. తర్వాత బిస్కెట్లేవిరా అని అడిగింది. అయిపోయాయని చెప్పాను. డబ్బా అటక మీద ఉంది.