పంటల పరిశోధనకు విరాళం: ఉమ్మడి నిధికా, నేరుగా ప్రాజెక్టుకా?

గట్టుమీదచెట్టు: సీజీఐఏఆర్ (అంతర్జాతీయ పంటల పరిశోధన కేంద్రాల కూటమి) ఉమ్మడి నిధిలో విండో 1, 2, 3 అంటారు కదా, తేడా ఏమిటి? దాత దేశం నచ్చిన ప్రాజెక్టుకే నేరుగా ఇస్తే లెక్క తేలిగ్గా తేలుతుంది. అందులో నష్టమేముంది?

మొలక: డబ్బు ప్రపంచ బ్యాంకు ట్రస్టీగా ఉన్న నిధిలో పడుతుంది. విండో 1లో వేస్తే ఎక్కడ ఎంత ఖర్చుపెట్టాలో దాతలంతా కలిసి తేలుస్తారు. విండో 2లో దాత ఒక కార్యక్రమాన్ని ఎంచుకుంటాడు. విండో 3 అయితే ఫలానా కేంద్రానికి, అంటే వరి పరిశోధన కేంద్రం ఇరికో, మొక్కజొన్న, గోధుమల కేంద్రం సిమిట్‌కో. నేరు ఒప్పందాలు ఈ నిధి బయటే నడుస్తాయి.

నేరుగా ఇచ్చే డబ్బుతో చిక్కు గడువు దగ్గరే. ప్రాజెక్టుకు సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు. వరిలో సంకరం చేశాక గుణాలు నిలబడటానికే ఐదారు తరాలు పడతాయి. తర్వాత పలుచోట్ల దిగుబడి పరీక్షలు, ఒక్కో దేశంలో విడుదల పరీక్షలు, ఆపైన బ్రీడర్ విత్తనం (రైతులకిచ్చే విత్తనానికి మూలమైన తొలి విత్తనం) పెంపకం. ఏడాదికి రెండు తరాలు తీసినా రకం చేతికి రాకముందే గడువు తీరిపోతుంది.

పైరుగాలి: దీనికి మంచి ఉదాహరణ మునక తట్టుకునే వరి. ఒడిశా దేశవాళీ రకం ఎఫ్‌ఆర్ 13ఏకి ఆ గుణం ఉందని ఎప్పుడో తెలుసు. మొదటి సంకరాల్లో మునక తట్టుకునే గుణం వచ్చింది కానీ దిగుబడి, గింజ నాణ్యత రాలేదు. ఆ గుణాన్నిచ్చే సబ్1 జన్యువు వివరాలు 2006లో వెలువడ్డాయి. మార్కర్ల (జన్యువును పట్టిచ్చే డీఎన్‌ఏ గుర్తుల) సాయంతో దాన్ని స్వర్ణ రకంలోకి ఎక్కించిన రకం 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా మునిగినా తేరుకుంటుంది.

గట్టుమీదచెట్టు: మరి రకరకాల పంటల విత్తనాలు దాచిపెట్టే జీన్‌బ్యాంకుల ఖర్చు ఎవరిదండీ?

మొలక: అసలు గొడవంతా అక్కడే. గింజ తేమను 3–7 శాతానికి ఆర్చి, మైనస్ 18 డిగ్రీల దగ్గర దాచి, ఎప్పటికప్పుడు మొలకశాతం చూడాలి. అది మొదటిదానిలో 85 శాతం కంటే తగ్గితే మళ్లీ పొలంలో వేసి కొత్త గింజ తీయాలి. ఈ పనికి ముగింపు తేదీ ఉండదు, రిబ్బను కత్తిరింపూ ఉండదు. అందుకే జీన్‌బ్యాంకులకు నిధులివ్వడానికి 2004లో పెట్టిన క్రాప్ ట్రస్టు అసలును ముట్టకుండా దాని రాబడినే ఖర్చుపెడుతుంది. యుద్ధం వల్ల సిరియాలోని అలెప్పో వదిలి రావాల్సిన ఇకార్డా (మెట్ట ప్రాంతాల పంటల పరిశోధన కేంద్రం) 2015లో నార్వేలోని స్వాల్‌బార్డ్ విత్తన ఖజానా నుంచి, అక్కడ దాచుకున్న తన గింజలు తెప్పించుకుని లెబనాన్, మొరాకోల్లో మళ్లీ పెంచింది.

నేరు ఒప్పందం రాసుకునేటప్పుడు కోల్డ్‌స్టోరేజీ కరెంటు, పొలం నిర్వహణ, డేటా పనివాళ్ల జీతం బడ్జెట్‌లో చూపించాలి. ఓవర్‌హెడ్ (ప్రాజెక్టుకు నేరుగా చెందని ఖర్చు) అని దాత కోసేస్తే ఆ భారం విండో 1 డబ్బు మీద పడుతుంది. మొదటి వాయిదా విత్తే అదనుకు ముందే అందేలా తేదీ రాయించాలి. నెల ఆలస్యమైనా ఆ సీజన్ పోయినట్టే.